పదిహేనో గడి

చావు జరిగిన ఇంటికి అద్దె తగ్గుతుందని లోకం నమ్మకం. ఏటికి ఇవతలి మూడు జిల్లాల్లోనూ, అవతలి దేశపు నాలుగు జిల్లాల్లోనూ ముప్పైయొక్క ఏళ్ళుగా అద్దె గదులు కొలుస్తూ, రెండు వైపుల అద్దెలనూ పోల్చి పట్టికలు రాస్తున్న గుమాస్తాకు అందులో సగమే నిజమనిపించేది. అవతల జీతంలో అయిదో వంతుకే రెండు గదులు దొరుకుతాయి. అక్కడివారికి భయపడే స్తోమత ఉంది. ఇవతల సగం జీతం పోసినా ఒక్క గది దొరకదు. ఇక్కడ భయం నాలుగు నెలలకు మించి నిలవదు.

ఆ నాలుగు నెలల్లోనే తాను చూసిపెట్టుకున్న చావుగదిలో దూరాలి. గుమాస్తా మొదటి అంగుళం అరిగిపోయిన గుడ్డటేపును చుట్టి జేబులో పెట్టుకున్నాడు. నెలాఖరుకు ఉద్యోగ విరమణ. చెల్లెలి ఇంట్లో ఆయన పడుకునే ముందుగదికి ఆ సాయంత్రమే ఆమె కోడలు పసిబిడ్డతో వస్తోంది.

"ఏడాదిలో ఇద్దరు పోయారటగా అన్నయ్యా అందులో! ఊళ్ళో ఇంకేం గదులే లేనట్టు."

"నలభై రెండు చూశానమ్మా. నా పింఛనుకు అందేది అదొక్కటే. పోయినవాళ్ళిద్దరూ ముసలివాళ్ళు."

"నువ్వేమో పడుచువాడివి మరి!"

ఆయన నవ్వి ట్రంకుపెట్టె ఎత్తుకున్నాడు.

ఇంటావిడ తాళం తీసింది గాని గడప దాటలేదు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు.

"మీకు ముందాయన కూడా అచ్చం అక్కడే, అలాగే నిలబడేవాడండీ," అందామె.

పొడవు పదకొండు అడుగులు, వెడల్పు తొమ్మిది. కిటికీ ఒకటి. మూలన పాత బొగ్గుల కుంపటి, దాని వెనక ఎండిపోయిన బల్లి. గోడకు ఒక మేకు. మంచం మీద కూర్చుని వెనక్కి వాలితే, గోడమీది నూనెమరకకు ఆయన తల సరిగ్గా ఆనింది. ఉలిక్కిపడి లేచాడు. మరుక్షణమే తనను తాను మందలించుకున్నాడు: మంచం పట్టే చోటు ఒక్కటే, సగటు మనిషి తల అక్కడికే వస్తుంది.

పైన వెంటిలేటరుకు చెక్కలు కొట్టి ఉన్నాయి.

"చలిగాలి కొడుతోందని మొదటాయన మూయించాడు," అంది ఇంటావిడ.

ఆయన అలవాటుగా సర్వే పత్రం తీశాడు. పద్నాలుగు గడులు. వెంటిలేటరుకు ఒకప్పుడు పదిహేనో గడి ఉండేది. ఏటి అవతలి ఇళ్ళకు పొగగొట్టాలే తప్ప వెంటిలేటర్లు ఉండవు కనుక, రెండు దేశాలనూ పోల్చడం కుదరదని వాదించి దాన్ని కొట్టివేయించింది ఆయనే. పద్నాలుగూ నింపి, పత్రం మడిచాడు. ఇంటావిడ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ముసురు పట్టింది. చొక్కానూ టేపునూ మేకుకు తగిలించి, కిటికీ మూసి, తలుపు గడియ పెట్టి, కుంపటి రాజేసి టీకి నీళ్ళు పెట్టాడు. గది వెచ్చబడింది. ఇంత నిశ్శబ్దమైన గదిని తాను ఎన్నడూ కొలవలేదనిపించింది. తల దిమ్ముగా ఉంది. పెట్టె మోసినందుకు కాబోలు అనుకున్నాడు. మంచం మీద కూర్చుని, తలను ఆ మరకకు ఆనించాడు. గిన్నెలో నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి.

మర్నాడు పొద్దున, మరిచిపోయిన దుప్పటి తీసుకుని చెల్లెలు వచ్చింది. ఎంత పిలిచినా పలకకపోతే గడియ విరగగొట్టించింది.

డాక్టరు గుండె ఆగిందని రాశాడు.

"ముగ్గురూ నిద్రలోనే పోయారు తల్లీ, నలగకుండా," అంది ఇంటావిడ. చల్లారిన కుంపటిని కాలితో మళ్ళీ మూలకు నెట్టింది.

మూడు నెలల తర్వాత కొత్త గుమాస్తా వచ్చి, ఆ గది కొలిచి, పద్నాలుగు గడులూ నింపింది. అద్దె: పదో వంతు పెరిగింది. ఉంటున్నవారు: ఒకరు. ఆయన ఇంట్లో లేడు. కుంపటిలో నిన్నటి బూడిద ఉంది. మేకుకు, మొదటి అంగుళం అరిగిపోయిన గుడ్డటేపు వేలాడుతోంది.