వంక తేని మన్ను

మా అత్త కదిరమ్మ పోయి రెండేళ్లవుతోంది. హిందూపురంలో మా మిద్దె మీద కుండీలో ఉన్న కరివేపాకు చెట్టును చూస్తే నాకు ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. ఏడుపు తర్వాత.

నేను కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాను. అత్త పోయే ముందు ఏడు ఎండాకాలం సెలవుల్లో హిమాలయాల్లో ఒక సరస్సు దగ్గరికి వెళ్లాం. నీటి అడుగుకు గొట్టాలు దింపి బురద పైకి తీయడం మా పని. ఏటా కాస్తంత పేరుకునే ఆ బురదలో వందల ఏళ్ల సంగతులు పొరలు పొరలుగా ఉంటాయి. ఒకచోట నాలుగు వేళ్ల మందాన బూడిదరంగు పొర దొరికింది. అది పెద్ద వరద తెచ్చిందా, భూకంపానికి సరస్సు గట్లే లోపలికి జారి పేరుకుందా? ఆ ఒడ్డునే ఊరివాళ్లు బడి కట్టబోతున్నారు. భూకంపమని తేలితే అక్కడ కట్టకూడదు. మేం చెప్పేదాకా పునాది తీయకుండా ఆగారు.

గొట్టాలన్నీ బెంగళూరు ల్యాబుకు పోయాయి. ఆ పొరలో ఒక ముక్కను మాత్రం నేను ప్రాణంలా చూసుకుంటూ ఇంటికి తెచ్చాను. తడి ఆరాలని మిద్దె మీద నీడలో స్టీలు తట్టలో పెట్టి స్నానానికి పోయాను. వచ్చేసరికి తట్ట కడిగి బోర్లించి ఉంది.

"అత్తా, ఈడ మన్ను పెట్టింటి, యాడుండాది?"

"కరేపాకు చెట్టుకు ఏసినా. చెరువు మన్ను గదా మల్లికా? నీళ్లు గూడా పోసినా."

మా సీమలో చెరువు మన్నంటే మాటలా! ఎండాకాలం చెరువు ఎండితే ఆ పూడిక మన్ను చేలకు తోలుకోవడానికి పోటీ పడేవాళ్లు. వయసులో ఉన్నప్పుడు అత్త పెనుకొండ దగ్గర తమ ఊరి చెరువులో గంపలెత్తింది. ధర్మవరంలో మా నాయన మన్ను తోలుతుంటే నేను ట్రాక్టరు ట్రాలీలో ఆ మన్ను మీదే కూర్చుని పోయేదాన్ని. కాళ్ల కింద ఆ చల్లదనం, నాయన ఈల, ఎంత బాగుండేదో! అత్త చేసింది మా వాళ్లెవరైనా చేసే పనే. ఆ పొద్దు అదేదీ నాకు గుర్తు రాలేదు. నా ఉద్యోగానికే ఎసరు పెట్టావని అరిచాను. పక్క మిద్దెల వాళ్లు తొంగి చూశారు.

అత్త చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. మెల్లగా అంది. "తిడితే తిట్టుగానీ, సత్తువ లేని మన్నమ్మా అది. నలిపి సూసినా. ఆకు ముక్క లేదు, పుల్ల లేదు, గొర్రె పెంటిక లేదు. వానకు వంక పారి తెచ్చే మన్ను అట్లుండదు. ఒగేడు మా చెరువు గట్టు లోపలికి జారిపడె. ఆడ ఎత్తిన మన్ను అచ్చం ఇట్లే ఉండె. శెనక్కాయ చేన్లో పోస్తే గింజే పట్టల్యా."

వరద తెచ్చిన మన్నయితే ఆకూ పుల్లా ఉండాల్సిందే కదా! మర్నాడే బెంగళూరు పోయి, సరస్సు నాలుగు వైపులా తీసిన గొట్టాలన్నీ మైక్రోస్కోపు కింద చూశాను. అన్నిట్లోనూ అదే లోతున అదే పొర. ఎక్కడా ఆకు పీచు కూడా లేదు. భూకంపమేనని రాశాను. బడిని ఒడ్డుకు దూరంగా కట్టారు.

ఇంటికొచ్చి వంటింట్లో అత్త పక్కన కూర్చున్నాను. "నువ్వు చెప్పిందే నిజమైంది అత్తా. నువ్వు చెప్పబట్టే నాకు తెలిసొచ్చింది."

"నేను బాధపడతానని అట్లంటాండావులే," అని నవ్వేసింది.

ఆ తర్వాత నాకు ఫోనొస్తే చాలు, అత్త ముఖం చిన్నబోయేది. "ఆ మన్నోళ్లేనా? ముసిల్ది పారేసిందని నా మీద చెప్పమ్మా," అనేది. ఆసుపత్రిలో మంచం మీద కూడా అదే అడిగింది. ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. కోడలి ఉద్యోగం చెడగొట్టానన్న దిగులుతోనే పోయింది.

తిట్టేటప్పుడు వీధంతా వినేలా తిట్టాను. మెచ్చుకున్నది మాత్రం వంటింట్లో, రహస్యం చెప్పినట్టు. ఎట్లా నమ్ముతుంది?