పేరెత్తని తల్లుల కూజా

నేను ఒక మట్టి కూజాను. ఏథెన్సుకు దగ్గర్లో ఒక కుమ్మరి నన్ను చేశాడు. పెళ్ళి విందుల్లో ద్రాక్షసారా పోస్తూ హాయిగా బతుకుతాననుకున్నాను. నా రాత అలా లేదు. ఊరి బయట తోపులో ఉండే దేవతలకు తేనెనీళ్ళు పోయడానికి నన్ను తీసుకుపోయారు. వాళ్ళకు సారా పనికిరాదట. ఆ దేవతలు ఎవరో తెలియగానే నాకు గుండె జారింది. కూజాకు గుండేమిటంటారా, జారినప్పుడే తెలిసింది ఉందని.

వాళ్ళ అసలు పేరు నేను చెప్పను. ఇన్ని వందల ఏళ్ళు చెప్పనిదాన్ని, మీ ముందు చెప్పి కొరివితో తల గోక్కోను. కన్నవాళ్ళ మీద చెయ్యి చేసుకున్నవాడిని వెంటాడి పిచ్చెక్కించడం వాళ్ళ పని. ఆ పేరు ఎలా పుట్టిందో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. కోపమనే అర్థమున్న మాటకు చుట్టమని కొందరంటారు. ఆ పేరు పైకి అంటే వాళ్ళను పిలిచినట్టేనని భయం. అందుకే జనం వాళ్ళను 'యుమెనిడెస్' అనేవారు. 'యు' అంటే మంచి, 'మెనోస్' అంటే మనసు. మంచి మనసున్న తల్లులట. మనిషికి భయం పెరిగేకొద్దీ పొగడ్త పెరుగుతుంది. నవ్వొచ్చేదే గానీ, ఆ తోపులో నవ్వే ధైర్యం నాకెక్కడిది?

ఒక ఉదయం మిర్రినే అనే ఆవిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. వాడి పేరు లైకోస్. ఏదో గొడవలో వాడు తల్లిని నెట్టాడు. కిందపడ్డ ఆవిడ రెండు అరచేతులతో నేలను బాదుతూ ఆ అసలు పేరే పెట్టి పిలిచేసింది. మా దేశంలో శాపం పెట్టే తీరు అది. పిలుపు నేల కిందికి వినపడాలి కదా. ఆ రోజు నుంచి వాడికి తిండి లేదు, నిద్ర లేదు. మూలల్లో ఎవరో నిలబడ్డారంటాడు.

"కోపంలో నోరు జారానమ్మా. నా బిడ్డ దక్కడేమో," అంది మిర్రినే.

"పిలిచినంత తేలిక కాదు తల్లీ, పంపడం," అంది ముసలి పూజారిణి. "తూర్పుకు తిరిగి తేనెనీళ్ళు పొయ్యి. నీ కోరిక లోలోపలే అడుగు. పోయేటప్పుడు మాత్రం వెనక్కి చూడకు. చూశావా, వాళ్ళు నీ వెంటే ఇంటికొస్తారు."

ఆవిడ తూర్పుకు తిరిగి నన్ను వంచింది. తేనెనీళ్ళను నేల చప్పుడు లేకుండా తాగేసింది. నన్ను కింద పెట్టి ఆవిడ నడిచింది. లైకోస్ మాత్రం తోపులోని పూజరాతి దగ్గర కూలబడి కదల్లేదు.

"అమ్మా," అన్న పిలుపు వినిపించింది.

ఆవిడ ఆగిపోయింది. పిలిచింది కొడుకో, కొడుకు గొంతుతో వాళ్ళో ఆవిడకేం తెలుసు? తిరిగి చూస్తే అంతా పోతుంది. చూడకుండా పోతే బిడ్డ ఇక్కడే మిగులుతాడు. నాకు భయంతో మట్టి చల్లబడింది. మిర్రినే తల తిప్పలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచి, అలాగే నిలబడింది. లైకోస్ తడబడుతూ లేచి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆలివ్ కోతలప్పుడు వాడే తేనె పట్టుకొచ్చాడు, బుగ్గలు నిండి.

తర్వాత మట్టిలో పడి చాలాకాలం నిద్రపోయాను. తవ్వి తీశారు, చేతులు మారి చివరికి హైదరాబాదులో ఒక మ్యూజియం అద్దాల పెట్టెలోకి చేరాను. పక్కనే ఒక పలక మీద చదువుకున్నవాళ్ళు ఆ అసలు పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. వచ్చినవాళ్ళంతా గట్టిగా చదువుతారు. చదివినప్పుడల్లా నేను నేలకేసి చూస్తాను.

నిన్న ఒక తల్లీకూతుళ్ళు వచ్చారు. పాప కూడబలుక్కుంటూ మొదటి అక్షరం అందుకుంది.

"పైకి చదువకు బిడ్డా," అంది, కింద చిన్న అక్షరాల్లో రాసింది చదివిన తల్లి. "మీ నానమ్మ పామును పురుగు అనదా? గిదీ గసొంటిదే."

పాప నోరు మూసుకుని నన్ను చూస్తూ ఉండిపోయింది. తల్లి ముందుకు నడిచింది. కొంచెం దూరం పోయాక, తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచి "రా" అంది.

పాప పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకునేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను.