ఈత కుర్తా

నీళ్లు పీల్చని బట్ట కావాలి, తడిసినా ఒంటికి అంటుకోకూడదు, అంటుకోకుండా ఉండాలంటే వదులుగా ఉండాలి, మరీ వదులైతే నీళ్లు లోపల చేరి సంచిలా ఉబ్బుతుంది, ఉబ్బితే లాగుతుంది, లాగితే, అక్కడికి వచ్చేసరికి బాను ఆలోచన ఆగిపోతుంది, ప్రతిసారీ అక్కడే, నేల మీద నల్లబట్ట పరిచి ఉంది, పిల్లల ఆటల ప్యాంట్లకు వాడే రకం, మంచిర్యాలలో కొన్నది, మీ పాపకా అమ్మా అని దుకాణంలో అడిగితే అవునంది, నలభై దాటిన ఆడమనిషి తనకే ఈత బట్టలు కుట్టుకుంటున్నానని ఏ నోటితో చెప్తుంది, అదీ మెడ నుంచి చీలమండల దాకా కప్పేవి, తలకు టోపీతో సహా, ఈ సిరోంచ ఊళ్లో అలాంటివి ఎవరు అమ్ముతారు, అమ్మినా ఎవరు కొంటారు, మోకాళ్ల మీద కూర్చుని సుద్దతో గీత గీసింది, గుమ్మంలో చాయ్ గ్లాసుతో భర్త ఖలీముల్లా, ఏంది బానూ, గీ వయసుల చేపవైతవా అంటాడు, ఆమెను నవ్వించాలని, ఏడాదిగా అదే పనిలో ఉన్నాడు పాపం, చేపను గాదు కప్పనైత, మీరు వొయి దుకాణం తెరువుండ్రి అంటుంది, జర పైలం అంటాడు, దేనికి పైలమో చెప్పడు, కత్తెరకో నదికో, వెళ్లడు కూడా, అరుగు మీద కూర్చుంటాడు, ఆమె కత్తెర పట్టిన రోజు అతని దుకాణం ఆలస్యంగానే తెరుచుకుంటుంది.

పోశక్క అయితే పొట్ట పట్టుకుని నవ్వింది, ప్రాణహితలో చేపలు పట్టే పోశక్క, ఎండాకాలం ఇసుక తేలాక ఒడ్డు పక్క నీళ్లలో ఆడపిల్లలకు ఈత నేర్పుతుంది, గీ బురఖా తోని దిగుతవా బానమ్మా, నిన్ను పట్టుకోవాల్నా నీ గుడ్డలు పట్టుకోవాల్నా, ముందుగాల ఒంటికి సక్కంగ ఉండేటియి కుట్టుకోని రా పో, అని నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి ఆగి ముఖంలోకి చూసింది, ఒక్క మాట చెప్పు, నేర్సుకుంటందుకు దిగుతున్నవా, చెల్లెను ఎతుకుతందుకు దిగుతున్నవా, ఎతికెటోళ్లకు నేను నేర్ప, ఆళ్లు అడుక్కే సూస్తరు, పైకి రారు, ఎండ కళ్లలో పడుతోంది, నా కోసమే అక్కా, ఖసమ్, అంది బాను, ఒట్టు ఎంత తేలిగ్గా వచ్చింది నోటికి, పోశక్క వల చిక్కు విప్పుకోవడంలో పడింది.

చెల్లె, ఇరమ్, పోయిన వానాకాలం నాగేపల్లిలో మేనమామ కూతురి నిశ్చితార్థం, మంగ్నీ, చూసుకుని తిరిగి వస్తుంటే రోడ్డు మీద వాగు పొంగింది, మోకాళ్లలోతే కదా అని జీపు దిగి ఒకరి చేయి ఒకరు పట్టుకుని దాటారు, బాను ముందే ఒడ్డెక్కి వెనక్కి తిరిగి చేయి చాచింది, ఇరమ్ అందరికంటే చివర, నవ్వుతోంది, ఖాళీగా ఉన్న చేత్తో కుర్తా అంచు ఎత్తి పట్టుకుని, కొత్తది ఆపా, తడిస్తె మల్ల నువ్వే తిడ్తవ్, అన్నది, ఆ మాట పూర్తయిందో లేదో, ముందున్నవాళ్ల చేతిలో ఆమె చేయి లేదు, నీళ్ల మీద కుర్తా ఒక్కసారి గొడుగులా విచ్చుకుంది, ఈత రాని బాను రెండు చేతులూ చాచి అలాగే నిలబడింది, ఆ వాగు ప్రాణహితలో కలుస్తుంది, ప్రాణహిత ఈ ఊరి పక్కనుంచే పోతుంది, పడవలతో వెతికారు, వలలు వేశారు, దొరకలేదు, చనిపోయిన ఆడవాళ్లకు చుట్టే కఫన్ బట్ట ఊళ్లో కత్తిరించేది బానూయే, తల్లి నేర్పిన పని, చెల్లెలికీ కత్తిరించింది, ఏదో కనబడిందట అని కబురు వచ్చినప్పుడల్లా మడత విప్పింది, కాదట అన్నప్పుడల్లా మడత పెట్టింది, చివరికి వీధి చివరి ముసలామె కన్నుమూసిన రోజు ఆ బట్ట ఆమెకు ఇచ్చేసింది, అప్పుడు ఏడుపు రాలేదు, కత్తెర తుడిచి పెట్టెలో పెట్టుకుంది, అంతే.

ఇప్పుడు అదే కత్తెర, చేయి దాని దారిన అది పోతోంది, బట్ట కిర్రుమంటూ తెగుతోంది, ముందు కుర్తా అయితే ప్యాంటు ఎంతసేపు, ఇరమ్ ఉంటే ఎంత నవ్వేది, ఆపా నల్ల పిల్లివైనవ్ అనేది, ఇరమ్ ఉంటే ఈ బట్టే ఉండేది కాదు, బాను కుర్తాను భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూసింది, చూసి, అలాగే పట్టుకుని ఉండిపోయింది, ముందూ వెనకా ఒకటే పొడుగు బట్ట, భుజాల మీద మడత, నడుమ తల దూరేంత చీలిక, చంకలు తీయలేదు, చేతులకు చోటు లేదు, ఎన్ని జాకెట్లు, ఎన్ని కుర్తాలు కుట్టింది, చేతులు మరిచింది ఎప్పుడు, కఫన్‌లో కుర్తా ఇలాగే ఉంటుంది, పోయిన మనిషికి చేతులు పెట్టరు, పక్కలు కుట్టరు, పొడవు కూడా తనది కాదు, తనకంటే జానెడు ఎక్కువ, ఇరమ్ పొడవు, అయితే పోశక్కకు చెప్పింది అబద్ధమే, అడుగున కళ్లు తెరిచి చూద్దామనే, దొరికితే అక్కడే తొడుగుదామనే, తొడిగాక పైకి రావాలని ఒక్కసారైనా అనుకుందా, అనుకోలేదు, ఈ చేయి అనుకోలేదు.

బట్టను మళ్లీ నేల మీద పరిచింది, జానెడు ఎక్కువైన చోట మడిచి కోసింది, చంకలు గీసింది, మిగిలిన ముక్క దగ్గరికి లాక్కుంది, టేపు కొన భుజం మీద పెట్టుకుంటే జారిపోతోంది, తన చేతి కొలత తనే తీసుకోవడం కుదరదు, జర ఇటు రాండ్రి, గీ కొన పట్టుకోండ్రి, అని పిలిచింది, ఖలీముల్లా గ్లాసు కింద పెట్టి వచ్చాడు, పట్టుకున్నాడు, చేయి చాపింది, అతని కళ్లు నేల మీది బట్ట మీద పడ్డాయి, ఆ కోత అతనికీ తెలుసు, ఎవలికి బానూ, అన్నాడు, నాకే, చేతులు పెట్టుడు మర్సిన, అంది, టేపు మణికట్టు దాకా లాగి చూసుకుంది, చాచిన చేయి వెచ్చగా ఉంది, ఇరమ్ చచ్చిపోయింది, అంది, ఏడాదిలో మొదటిసారి ఆ మాట ఆ మాటలాగే బయటికి వచ్చింది, పోయింది అని కాదు, దొరకలేదు అని కాదు, చచ్చిపోయింది, ఇక ఆమెకు ఎవరూ ఏమీ కుట్టనక్కర్లేదు, ఈ రెండు చేతులూ తనవి, రేపు నీళ్లను తోసుకుంటూ ఒడ్డుకు రావాల్సింది ఇవే.