తాడు తెగితే తూకం ఎంత?

మూడో తరగతిలో అంతరిక్షం పాఠం మొదలుపెడుతూ టీచరమ్మ పిల్లల డైరీల్లో ఒక చీటీ అంటించి పంపింది. తల్లిదండ్రుల్లో ఎవరైనా వచ్చి, తమ పనిలో ఈ పాఠానికి పనికొచ్చేదేమైనా ఉంటే చూపించాలట. లిఫ్టు మెకానిక్ ఆ చీటీని రెండుసార్లు చదివి డైరీ కూతురికి తిరిగిచ్చేశాడు.

"నా పనికీ చుక్కలకీ సంబంధమేంటే పిచ్చుకా? పదో అంతస్తు దాటి పైకెళ్ళిన పాపాన పోలేదు నేను."

"లిఫ్టు కిందికి దిగేటప్పుడు కడుపులో ఏదోలా ఉంటుంది కదా నాన్నా. రాకెట్లో కూడా అలాగే ఉంటుందంట. నువ్వొస్తున్నావని టీచర్‌కి చెప్పేశాను."

చెప్పేశాక ఇంకేముంది! శుక్రవారం పొద్దున పనిముట్ల పెట్టెతో, ముల్లు తిరిగే తూకం మిషనుతో బడి లిఫ్టు దగ్గర హాజరయ్యాడు. పదిహేనేళ్ళుగా మోటారు గదుల్లో ఒంటరిగా పనిచేస్తున్న మనిషి. ముప్పై మంది పిల్లలు ఒక్కసారిగా "గుడ్ మార్నింగ్ అంకుల్" అనేసరికి రెండడుగులు వెనక్కి వేశాడు. ఉపన్యాసం జోలికి పోకుండా ఐదుగురిని లిఫ్టులోకి ఎక్కించుకుని, పెట్టెను తూకం మీద పెట్టాడు.

"ఎంతుంది?"

"పద్దెనిమిది కిలోలు!"

మీట నొక్కాడు. లిఫ్టు పైకి కదలగానే ముల్లు ఇరవైకి ఎగబాకి, మళ్ళీ పద్దెనిమిదికి వచ్చి నిలబడింది. తిరిగి కిందికి బయల్దేరగానే పదహారుకి పడిపోయింది.

"పెట్టెలో స్క్రూడ్రైవర్లు ఎవరో కొట్టేశారు!" అని ఒకడు అరిచాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆరు విడతలూ పూర్తయ్యేసరికి మెకానిక్‌కి కూడా మాటలొచ్చాయి.

తరగతిలో కూర్చున్నాక కళ్ళజోడు పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

"అంకుల్, తాడు తెగితే ముల్లు ఎంత చూపిస్తుంది?"

తాడు తెగడం గురించి బంధువులు అడిగితే అతనికి చిరాకు. ఈ పిల్ల మాత్రం లెక్క అడుగుతోంది. దాటవేయబుద్ధి కాలేదు.

"సున్నా," అన్నాడు. "పెట్టె, తూకం కలిసే పడతాయి కదమ్మా. పెట్టె తూకాన్ని ఒత్తదు."

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. "విన్నారా! అంతరిక్షంలో తేలేవాళ్ళు కూడా అంతే. భూమి చుట్టూ పడుతూనే ఉంటారు, నేలకి మాత్రం తగలరు." పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజంతా పిచ్చుక కాలు నేల మీద నిలవలేదు.

సోమవారం టీచరమ్మ ఫోన్ చేసింది. కళ్ళజోడు పిల్ల వాళ్ళది ఏడో అంతస్తు. శుక్రవారం నుంచి లిఫ్టు ఎక్కనని మొండికేసిందట. వాళ్ళమ్మ నర్సు. డ్యూటీ దిగి వచ్చి, పిల్లతోపాటు ఏడంతస్తులూ ఎక్కుతోందట.

మెకానిక్ మనసు చివుక్కుమంది. సున్నా అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడే గాని, తాడు ఎందుకు తెగదో చెప్పనే లేదు. ఆ సాయంత్రమే పనిముట్ల పెట్టెతో వాళ్ళ బిల్డింగుకి వెళ్ళాడు. తల్లీకూతుళ్ళు మొదటి మెట్టు దగ్గరే ఎదురయ్యారు.

"పాఠం బాగా చెప్పారన్నయ్యా," అంది నర్సు మోకాలు పట్టుకుని. "నా బరువు మాత్రం సున్నా కాలేదు."

"తప్పు నాదేనమ్మా. పాపకి పైన మోటారు గది చూపిస్తాను. మీరూ రండి. మెట్ల మీంచే వెళ్దాం."

కాపలాదారు దగ్గర తాళం తీసుకుని గది తెరిచాడు. కరెంటు ఆపి, పిల్లను కటకటాల ఇవతలే నిలబెట్టాడు.

"తాళ్ళు లెక్కపెట్టు తల్లీ."

"ఐదు. అన్నీ ఇనుపవే!"

"లిఫ్టుని మొయ్యడానికి ఒక్కటి చాలు."

"ఐదూ తెగితే?"

నర్సు నెత్తి కొట్టుకుంది. మెకానిక్ మాత్రం నవ్వి, పక్కనున్న చిన్న చక్రం చూపించాడు.

"లిఫ్టు వేగం హద్దు దాటిందా, ఇది బిగుసుకుపోతుంది. వెంటనే లిఫ్టు కింద ఉన్న ఇనుప దవడలు గోడలకున్న పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి. ఎక్కడిదక్కడే ఆగిపోతుంది."

"అయితే తేలేది కొంచెంసేపేనా?"

"తేలుతున్నామని తెలిసేలోపే ఆగిపోతుంది."

"అంతేనా," అంది పిల్ల, కాస్త నిరాశగా.

కరెంటు వేశాక ముగ్గురూ లిఫ్టులోనే దిగారు. పిల్ల వాళ్ళమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడో అంతస్తు దాటాక వదిలేసింది. కింద మెకానిక్ దిగిపోయాడు. ఏడో నంబరు మీట పిల్లే నొక్కింది. తలుపులు మూసుకునేదాకా నిలబడి, పెట్టె భుజానికెత్తుకుని అతను ఇంటిదారి పట్టాడు.