బ్లాస్టింగ్ వేళకు వచ్చిన పిలుపు

సత్తుపల్లి దగ్గర బొగ్గు గనిలో ఇరవై ఆరేళ్లు బండ పేల్చే పని చేసి రిటైరైన అంతోనయ్యకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. మొదటి మూణ్ణెల్లలోనే ఇంటి గేటుకు రెండుసార్లు రంగు వేశాడు. బాగున్న కుళాయిని విప్పి, బిగించి, కారేట్టు చేశాడు. ఆ రోజుల్లోనే ఎవరో హామ్ రేడియో సంగతి చెప్పారు. పరీక్ష రాసి సర్కారు లైసెన్సు తెచ్చుకుంటే, ఇంట్లో సెట్టు పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్లతోనో సరదాగా మాట్లాడుకోవచ్చట. అరవై రెండేళ్ల వయసులో హైదరాబాదు పోయి పరీక్ష పాసై వచ్చాడు. డాబా మీంచి తాడిచెట్టుకు ఏరియల్ తీగ లాగాడు. సెట్టు వచ్చి వారమైంది. ఇంతవరకు అందులో ఒక్క మాట పలకలేదు.

ఎందుకు పలకలేదో భార్య ఇన్నమ్మ ఒక్కదానికే తెలుసు. పరీక్షకు ఫోన్లో పాఠాలు చెప్పిన విజయనగరం రాజేష్ మధ్యాహ్నం రెండున్నరకు తప్ప సెట్టు దగ్గర దొరకడు. మూడింటికి డ్యూటీ. ఆదివారం ఊళ్లో ఉండడు. గనిలో బ్లాస్టింగూ సరిగ్గా ఆ వేళకే. బండలో మందు నింపాక దగ్గర్లో ఎవరూ వైర్‌లెస్ నొక్కకూడదు, ఫోన్ తెరవకూడదు. ఆ తరంగాలకు, మందును పేల్చే డిటోనేటర్ ఎక్కడ అంటుకుంటుందోనని భయం. అంతోనయ్యకు జపమాల తప్పినా ఆ నియమం తప్పదు. అందరి ఫోన్లూ గుడ్డసంచిలో వేయించి తన భుజాన తగిలించుకునేవాడు. ఒకసారి భీమ్లా అనే డంపర్ డ్రైవర్ మరిచిపోయి బండిలోని వైర్‌లెస్ సెట్టు నొక్కితే, నలుగురిలో చెంప పగలగొట్టాడు.

గని ఇంటికి నాలుగు కిలోమీటర్లు. అంత దూరానికి ఏమీ కాదని అంతోనయ్యకు తెలుసు. మాట్లాడేటప్పుడు మైకు మీట నొక్కి పట్టాల్సిన బొటనవేలికే తెలియదు.

మూడు రోజులు మూడు అబద్ధాలు చెప్పాడు. కరెంటు పోయిందని, తీగ తెగిందని, జ్వరమని. నిన్న రాజేష్ నొచ్చుకున్నాడు. "రేపొక్కరోజు పిలుస్తానండి. పలక్కపోతే మీకిష్టం లేదనుకుంటాను. ఇంక ఇబ్బంది పెట్టను," అని ఫోన్ పెట్టేశాడు.

ఇవాళ రెండింటికే అంతోనయ్య సెట్టు ముందు కూర్చున్నాడు. లేచాడు. డాబా ఎక్కి గని దిక్కు చూశాడు. టేకుచెట్ల మీద పేలుడు దుమ్ము ఇంకా లేవలేదు. దిగివచ్చి, ఇద్దరి ఫోన్లూ ఆపేసి బియ్యం డబ్బా మీద పెట్టాడు.

"నా ఫోనేం జేసిందయ్యా?" అంది ఇన్నమ్మ.

"పొద్దున వాన పడ్డది. బ్లాస్టింగ్ లేటైతది. నీకు తెల్వదు, ఊకో."

"ఊరంతా ఫోన్లు మాట్లాడుతనే ఉన్నరు. పక్కింటి సైదమ్మ మనుమరాలు గని రోడ్డు మీదనే వీడియోలు తీస్తది. గవన్నిటికి పేలంది నీ ఏలు పెడితేనే పేల్తదా?"

రెండున్నర అయింది. సెట్టులోంచి గరగరల మధ్య రాజేష్ గొంతు వచ్చింది. లైసెన్సుతో పాటు సర్కారు ఇచ్చిన గుర్తింపు పేరు, అంతోనయ్య కాల్‌సైన్‌ను అక్షరం అక్షరం పలికి, "వింటున్నారా అంతోనయ్యగారూ?" అన్నాడు. కాసేపాగి మళ్లీ పిలిచాడు.

అంతోనయ్య మైకు తీశాడు, పెట్టాడు. అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. కిటికీ దగ్గరికి పోయి చెవి ఒగ్గాడు. పేల్చేముందు మోగే సైరన్ లేదు. పేలితే ఒక పనైపోను. రెండూ నలభై అయింది. వెనక రాజేష్ పిలుస్తూనే ఉన్నాడు.

"పోతున్నడు, పోనీ," అంది ఇన్నమ్మ చాటలో కందిపప్పు చెరుగుతూ. "రేపటి సంది గేటుకు మూడో రంగు ఏసుకో."

"ఇదే ఆఖరి పిలుపండి. ఉంటాను మరి," అంది సెట్టు.

అంతోనయ్య రెండంగల్లో వచ్చి, మైకు అందుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మీట నొక్కాడు. కాల్‌సైన్ చెప్పాడు. పరీక్షకు బట్టీ పట్టిన పలకరింపులు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఈడ బ్లాస్టింగ్ ఉన్నది. ఎవ్వరు సెట్టు నొక్కొద్దు. నేను చెప్పేదాంక ఆగుండ్రి."

వేలు తీశాడు. కళ్లు తెరిచి కిటికీ వైపు చూశాడు. గని దిక్కునుంచి ఏ చప్పుడూ రాలేదు.

"విన్నానండి, చాలా బాగా వినపడుతున్నారు," అన్నాడు రాజేష్ వెంటనే, సంబరంగా. "మీరు చెప్పేదాకా ఇక్కడే ఉంటాను. డ్యూటీకి కాస్త ఆలస్యమైనా పర్లేదు."

"నొక్కొద్దంటే మల్ల నొక్కుతడేంది ఈయన," అని అంతోనయ్య సెట్టు మీద విసుక్కున్నాడు. దుమ్ము ఇంకా ఎందుకు లేవలేదో చూద్దామని గబగబా డాబా మెట్లెక్కాడు.