తెర వెనక మంచు

నాకు అసహ్యం అంత తేలిగ్గా కలగదు. ఏళ్ల తరబడి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. జనం డబ్బాల్లో పట్టుకొచ్చేవన్నీ మూత తీసి చూసి, చేతులు కడుక్కుని, పక్క గదిలో కూర్చుని హాయిగా అన్నం తింటాను. అలాంటి నాకు ఆ ఆదివారం మా మరిది నవ్వు చూస్తే అసహ్యమేసింది.

మరిదికి నేను మనసులో పెట్టుకున్న పేరు లోకజ్ఞాని. ఏ దేశంలో ఏ చదువుకి గిరాకీ ఉందో అతన్ని అడగక్కర్లేదు, అడక్కుండానే చెబుతాడు. తను మాత్రం ఏ దేశమూ వెళ్లలేదు. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న కొడుకునీ పంపలేదు. మా ఆయనకి తమ్ముడి మాటంటే వేదవాక్కు. "వాడికి లోకం తెలుసు" అంటాడు, తనకి తెలియకపోవడం ఏదో ఘనకార్యమైనట్టు.

మా అమ్మాయికి పక్క ఊళ్లో పశువైద్య కళాశాలలో సీటు వచ్చింది. దానికి చిన్నప్పట్నుంచీ అదే పిచ్చి. దారిలో కుంటికుక్క కనిపిస్తే బడి సంగతే మరిచిపోయేది. సీటు ఉంచుకుంటున్నామని ఆదివారం సాయంత్రంలోగా ఫోన్లో ఖాయం చేయాలి, లేకపోతే ఇంకొకరికి పోతుంది. సరిగ్గా ముందురోజు ఊడిపడ్డాడు లోకజ్ఞాని.

"గొడ్ల డాక్టరా? పిల్ల జీవితాంతం పేడలో చెయ్యి పెట్టుకుని బతకాలా వదినా? రేపు విదేశీ చదువుల మేళా ఉంది. సప్లై చైన్ మేనేజ్‌మెంట్ అని, సరుకుల రవాణా చూసుకునే కోర్సొకటి ఉంది. అవ్వగానే ఉద్యోగం! విదేశం వెళ్లి అది చదివిన అమ్మాయితో నేను స్వయంగా మాట్లాడాను."

"దానికి జంతువులంటే ఇష్టం" అన్నాను.

"ఇష్టమైతే కుక్కని పెంచుకోమనండి."

మా ఆయన నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. తర్వాత వంటింట్లో నా పక్కన నిలబడి, "బాబాయ్ చెప్పింది నిజమేమో అమ్మా. రేపు చూశాకే సీటు సంగతి తేలుద్దాం" అంది. అది అంత నీరుగారిపోయి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. సరే, చూసి వద్దామన్నాను.

అద్దెకిచ్చే హాలు. వరసగా బల్లలు, బల్లకో జెండా. జనం ఉచితంగా ఇచ్చే సంచుల కోసం తోసుకుంటున్నారు. ఒకావిడ బట్టల కొట్లో అడిగినట్టు, "ఇంకాస్త చలి తక్కువున్న దేశం చూపించండి" అంటోంది. ఆవిడ కొడుకు పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఏం చదువుతావని వాణ్ణి ఒక్కరూ అడగలేదు.

మరిది మమ్మల్ని నేరుగా మూల బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ సలహాలిచ్చే కౌన్సెలర్ మేడమ్ పళ్లన్నీ కనిపించేలా నవ్వి, నీకేం ఇష్టమమ్మా అని అడిగింది. "పశువైద్యం" అంది మా అమ్మాయి.

"వెరీ నైస్! అయితే మీకు సప్లై చైన్ సరిగ్గా సరిపోతుంది."

ఎలా సరిపోతుందని నేను అడిగేలోపే, మా ఆయన గంగిరెద్దులా తలూపాడు. నాకు ఒళ్లు మండింది.

"వదినకి నమ్మకం కుదరాలి. ఆ అమ్మాయికి ఒకసారి ఫోన్ కలపండి" అన్నాడు మరిది.

మేడమ్ వీడియో కాల్ కలిపి ఫోను నా చేతికిచ్చింది. తెర మీద ఒక అమ్మాయి. మెడదాకా గుండీలు పెట్టిన లావు కోటు, వెనక కిటికీ, కిటికీలో తెల్లటి మంచు. "హాయ్ ఆంటీ! ఇక్కడ ఇప్పుడే మంచు మొదలైంది" అంది. మాట చక్కగా ఉంది. మొహం మాత్రం నూనె రాసుకున్నట్టు మెరుస్తోంది.

"ఉద్యోగం వచ్చిందామ్మా?" అన్నాను.

"చదువు అవ్వగానే వచ్చింది ఆంటీ. వీళ్లే ఇచ్చారు."

"విన్నారుగా!" అన్నాడు మరిది, మా అమ్మాయి భుజం తట్టి. అది తలొంచుకుంది. ఆ క్షణంలో దాని సీటు పోయినట్టే అనుకున్నాను.

అప్పుడే హాల్లో మైకు మోగింది. "తెల్ల కారు గేటుకి అడ్డంగా పెట్టినవారు వెంటనే వచ్చి తీయగలరు."

ఆ మాటలు హాల్లోనూ వినిపించాయి, నా చేతిలో ఫోన్లోంచీ వినిపించాయి. ఫోన్లోని అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తి పైకి చూసింది.

మంచు కురిసే దేశంలో కూడా ఈ హాలు గేటుకే కారు అడ్డం పెట్టారన్నమాట! లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, వెనక వేలాడుతున్న నీలం తెర పక్కకి లాగాను. ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడకి అంటించిన కిటికీ బొమ్మ. కుర్చీలో ఆ కోటు అమ్మాయి. పక్కన ఫ్యాను ఉంది గాని, చప్పుడు వినిపిస్తుందని కాబోలు ఆపేసి ఉంది. పిల్ల మెడ మీంచి చెమట ధారకడుతోంది.

మేడమ్ నాతో మాట్లాడలేదు. మా మరిది మీద విరుచుకుపడింది. "ఏంటి సార్ ఇది? మీరు తెచ్చేవాళ్లు ప్రశ్నలు వెయ్యరన్నారు కదా? పొద్దున తెచ్చిన రెండు కుటుంబాలూ బుద్ధిగా సంతకాలు పెట్టి వెళ్లారు!"

 మరిది నా వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వే నేను మొదట చెప్పింది. "మా వాడికి వీళ్ల ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు వదినా. కొందరిని తీసుకురావాలన్నారు. ఇంట్లోవాళ్లమే కదా, ఈ మాత్రం సర్దుకోకపోతే ఎలా?"

"నీ కొడుకు ఉద్యోగానికి నా కూతుర్ని ఎర వేశావా?" అన్నాను. "నేను రోజూ ఎన్ని డబ్బాల మూతలు తీస్తానో నీకు తెలుసా? ఇంత కంపు ఎక్కడా చూడలేదు."

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆయన మీదా అసహ్యమేసింది, అబద్ధమెందుకు.

మా అమ్మాయి మాత్రం మమ్మల్ని పట్టించుకోలేదు. తెర దగ్గరికి వెళ్లి, "అక్కా, నిజంగా అక్కడ చదివారా?" అంది.

"చదివాను. అదే కోర్సు. అక్కడ ఎవరూ పనివ్వలేదు, వచ్చేశాను." కోటు చేతితో మొహం తుడుచుకుంది. "మంచు మాట తప్ప మీ అమ్మగారికి నేను అబద్ధం చెప్పలేదు. చదువు అవ్వగానే ఉద్యోగం వచ్చింది, వీళ్లే ఇచ్చారు. ఆ ఉద్యోగం ఇదే."

మా అమ్మాయి అక్కడే నిలబడి ఫోను తీసింది. "తొందరపడకమ్మా" అన్నాడు మరిది, ఇంకా సిగ్గు లేకుండా. అది సీటు ఖాయం చేసి, ఫోన్లో వచ్చిన సందేశం వాళ్ల నాన్నకి చూపించింది. ఆయన రెండుసార్లు చదివి, "మంచిది" అన్నాడు. తమ్ముడి వంక చూడకుండా అన్న మొదటి మాట అదే.

"ఆంటీ, ఆ తెర మూసేయండి. ఇది కూడా పోతే నాకు ఇంకేం లేదు" అంది కోటు అమ్మాయి.

జాలేసింది. నా చేత్తోనే మూశాను.

ముగ్గురం గుమ్మం దాకా వచ్చాం. వెనక్కి చూస్తే, చలి తక్కువ దేశం అడిగినావిడ మూల బల్ల ముందు కూర్చుంటోంది. ఆవిడ కొడుక్కి కుర్చీ లాగుతున్నది మా మరిదే. మేడమ్ ఫోను కలిపి స్పీకర్లో పెట్టింది. "హాయ్ ఆంటీ! ఇక్కడ ఇప్పుడే మంచు మొదలైంది." అదే గొంతు, అదే హుషారు.

"ఉద్యోగం వచ్చిందామ్మా?" అంది ఆవిడ.

ఇంక నా వల్ల కాలేదు. వెనక్కి నడిచాను. మరిది చేతులు అడ్డం పెట్టి "వదినా, వదినా" అంటున్నాడు. పక్కకి తోసి, తెర రెండు చేతులా పట్టుకుని కడ్డీతో సహా కిందికి లాగేశాను.

కోటు అమ్మాయి ఇంకా ఫోను వంకే చూస్తోంది. ఆవిడ కోసం పెట్టుకున్న నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. కాసేపటికి తలొంచి, కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టింది.