ఒంటిరంగు గుడ్డ

“అన్నం మాడతంది. మొగాలు తరవాత కోసుకుందువు గానిలే,” అంది అత్త మంచం మీంచి కదలకుండా.

పొయ్యి ఆ మంచానికి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. చెయ్యి చాచడమన్నది మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ పుట్టుకతో రాలేదు. పున్నమ్మ కత్తెర కింద పెట్టి లేచింది. గంజి వార్చి, చెయ్యి కాల్చుకుని, ఆ చేతిని చీరకే తుడుచుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది.

బెంగాల్లో, ఖిదిర్‌పూర్ ఓడరేవు కూలీల క్వార్టర్లో వాళ్ళది ఒకటే గది. మంచం అత్తది, టీవీ మొగుడు అప్పలసూరిది, కుట్టుమిషను ఆమెది. ఆమెదని ఎవరూ అనలేదు. దాని దగ్గర ఇంకెవరూ కూర్చోలేదు గనక ఆమెదైంది, అంతే. మెటియాబ్రుజ్‌లో కుట్టు కార్ఖానా నడిపే ఒస్తాగర్ సాబ్ ఆడపిల్లల గౌన్లు మూటగట్టి పంపిస్తాడు. ఒక్కో గౌను గుండె మీద కార్టూను పిల్ల మొగం అతికించి కుట్టాలి. చారెడేసి కళ్ళు, చింతాకంత నోరు, ముక్కు ఉందంటే ఉంది, లేదంటే లేదు. పొద్దున్నించి వంగి కుట్టి నడుం పట్టేసి ఆమె గోడకి చేరబడితే, “ఇంట్లో కూకుని బొమ్మలాడుకోడం కూడా ఓ పనేటి?” అంటాడు మొగుడు. ఓడ మీద బస్తాలు దింపితేనే పని. కళ్ళు పోగొట్టుకుని కళ్ళు కుడితే ఆట.

ఆ మొగాలకి వాడే గుడ్డని కార్ఖానాలో ‘గాయేర్ రంగ్’ అంటారు. ఒంటిరంగు. వొలిచిన పచ్చిరొయ్య రంగు. గుడ్డ కోసేవాడి దగ్గర్నించి మూట మోసేవాడి దాకా, ఒస్తాగర్ సాబ్‌తో సహా, అక్కడ ఎవడి ఒంటికీ ఆ రంగు లేదు. అయినా దాని పేరు ఒంటిరంగే. పున్నమ్మ కూడా ఏళ్ళ తరబడి అలాగే అంది. ఎవరి ఒళ్ళు అని అడగాలని తోచలేదు. అలా తోచడానికి కూడా కాస్త తీరిక ఉండాలి.

దీపావళి ముందు ఒకసారి ఆ గుడ్డ తక్కువ పడింది. గౌను ఒక్కటే మిగిలిపోయింది కదా అని, మిషను సొరుగులో ఉన్న టీ డికాషను రంగు అస్తరు ముక్కతో మొగం కోసి కుట్టేసింది. అదే అట్టముక్క పెట్టి గీసింది. అవే కళ్ళు, అదే నోరు, అదే రిబ్బను. ఒస్తాగర్ సాబ్ గౌనెత్తి వెలుగులో పట్టి చూశాడు.

“ఇదెవరు పున్నా?”

“అదే పిల్ల సాబ్.”

“అదే పిల్లెలా అవుతుంది? ఇది ఆ పిల్ల ఇంట్లో అంట్లు తోమే పిల్ల.”

అని నవ్వాడు. మనసులో ఏ విషమూ లేని నవ్వు. విషం ఉంటే బాగుండేది, తిరిగి అనడానికి వీలుండేది. మొగాన్ని గౌను మీంచి ఊడదీయించి ఆమె చేతిలో పెట్టాడు. బస్సులో నిలబడి ఇంటికొస్తూ ఆ మొగాన్ని గుప్పిట్లో పట్టుకుని ఆలోచించింది పున్నమ్మ. కళ్ళు మారలేదే. నోరు మారలేదే. గుడ్డ ఒక్కటి మారితే హాల్లో కూర్చునే పిల్ల వంటింట్లోకి పోయిందా? మరి రొయ్యరంగు మొగానికి ఏ కులం, ఏ దేశం అని ఎవరూ అడగరేం? దానికి పనేమిటో చెప్పనక్కర్లేదేం?

అడగరు. ఆ సంగతి ఆమె తన ఇంట్లోనే చూసింది. కూతురు దుర్గ రోజూ చూసే జపాను కార్టూన్లో, విరబోసుకున్న జుట్టుతో, చేత కత్తితో సముద్రం మీద ఎగిరే పిల్లే గౌన్ల మీది పిల్ల. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తున్నారు. “ఇంగిలీసోల్ల పిల్ల,” అన్నాడు అప్పలసూరి. “కాదు నాన్నా, జపాను పిల్ల. ఆళ్ళే గీసుకున్నారు,” అంది దుర్గ. “జపానోల్లకి అంతంత కల్లేటే? ఆల్ల ఓడలెక్కి నాను సూడనేదేటి? నాకు సెప్తంది!” అని కూతుర్ని గదిమాడు. పాలు పోయడానికొచ్చిన బెంగాలీ ఆవిడ గుమ్మంలోనే ఆగి, అంత కళ్ళుంటే అది బెంగాలీ పిల్లే, సందేహమే లేదంది. అత్త అందరినీ మించిపోయింది. “మా పెద్దయ్య కూతురు అచ్చం ఇలగే ఉండీది!” అంది. అత్త పెద్దయ్య కూతుర్ని పున్నమ్మ ఎరుగును. బొగ్గు ఆవిణ్ణి చూసి సిగ్గుపడేది.

ఎవరికి నచ్చినట్టు వాళ్ళు ఆ తెల్ల మొగాన్ని తమ చుట్టం చేసుకున్నారు. ఒకడికి దొరసాని, ఒకత్తెకి పొరుగింటి పిల్ల, ఒకత్తెకి పెద్దయ్య కూతురు. ఖర్చు లేని చుట్టరికం. అప్పుడు ఏడేళ్ళ దుర్గ, “ఆ పిల్ల నాలాగుంటది,” అంది.

గది గదంతా నవ్వింది. “నీలాగా? అద్దం సూస్కోయే గుంటా!” అన్నాడు కన్నతండ్రి. అత్త నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఆ దగ్గుకి నీళ్ళు తెచ్చిచ్చింది కూడా పున్నమ్మే. ఆ రోజు నించి పిల్ల ఎండలో ఆడ్డం మానేసింది. సెనగపిండి రాయమని వెంటపడేది. పున్నమ్మ రాసేది. ఆ రాసిన చేతులు ఆమెవే, ఇంకెవరినీ అనడానికి లేదు.

ఆ ఇంట్లో అద్దం కంటే పాత సంగతి ఒకటుంది. టీవీ పైన గోడకి పెళ్ళి ఫొటో. ఆ ఫొటో తీసినవాడు పున్నమ్మ మొగాన్ని కడిగేసినట్టు తెల్లగా చేసి ఇచ్చాడు. అది అత్త చెప్పి చేయించిన ముచ్చట. మాటలు వచ్చిన కొత్తలో దుర్గ ఫొటో చూపించి, “నాన్న పక్కన ఎవులు?” అని అడిగింది. “మీ అయ్య మొదటి పెల్లం. తెల్లగుండీది. అది పోయినాక మీ అమ్మని తెచ్చుకున్నాం,” అంది అత్త. అందరూ నవ్వారు. పిల్ల మాత్రం నమ్మింది. కొన్నాళ్ళపాటు తల్లిని, పోయినావిడ చీర కట్టుకున్న మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు పున్నమ్మకి ఇప్పటికీ వీపులో గుచ్చుకుంటూనే ఉంది.

ఈ చలికాలం పేట క్లబ్బువాళ్ళ ఆటల పోటీలొచ్చాయి. పరుగు పందేలయ్యాక ఆఖర్న ‘గో యాజ్ యు లైక్’. పిల్లలు నచ్చిన వేషం కట్టుకొస్తే, మైకు పట్టుకున్నవాడు అదేమిటో కనిపెట్టి చెబుతాడు. దుర్గ కత్తిపిల్ల వేషం వేస్తానంది. పున్నమ్మ కార్ఖానా పని పక్కన పెట్టి నీలం గౌను, ఎర్ర రిబ్బను కుట్టింది. అట్టకత్తికి వెండికాగితం చుట్టింది. అత్త తన వంతుగా, నాటకాలవాళ్ళు పూసుకునే తెల్లపొడి ఒక డబ్బా తెప్పించింది.

“అది ఎందుకు అత్తా?” అంది పున్నమ్మ.

“ఎందుకేటి? ఇలగే ఒగ్గేస్తే కార్టూనంటారా, కాకంటారా?”

“రాయే మామ్మా, బాగా రాయి,” అంది దుర్గ, కళ్ళు మూసుకుని మొగం చాపుతూ.

అత్త రాసింది ఓర్చుకుంది గాని, పిల్ల అలా మొగం చాపడం పున్నమ్మ ఓర్చుకోలేకపోయింది. దారిలో పేవ్‌మెంటు మీద కార్పొరేషను కొళాయి బొళబొళా కారుతోంది. పిల్లని వంచి, పైట చెంగుతో మొగం రుద్దేసింది. తెల్లనీళ్ళు కాలవలో పడ్డాయి. దుర్గ గింజుకుంది, ఏడ్చింది.

“తెల్లగా లేకపోతే ఎవరూ గుర్తుపట్టరమ్మా!”

“ఆ పిల్ల నాలాగుంటదని నువ్వే కదే అన్నావు?”

“అది చిన్నప్పుడు,” అంది తొమ్మిదేళ్ళ పిల్ల.

మైదానంలో వరసగా నిలబెట్టారు. తెల్లగడ్డం కట్టి బెంగాలీల పెద్ద కవిగారి వేషం వేసినవాళ్ళే సగం మంది. మైకు పట్టుకున్న ఆశిష్ దా, క్లబ్బు సెక్రటరీ, దుర్గ ముందుకొచ్చి ఆగాడు. విరబోసిన జుట్టు చూశాడు. కత్తి చూశాడు. మొగం చూశాడు. రెండు చేతులూ నెత్తి మీద జోడించి, “బాహ్! మా కాళీ!” అని అరిచాడు, కాళికమ్మే దిగొచ్చినట్టు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో శంఖం ఊదినట్టు నోటితో ఊదారు. నీలం గౌను ఎవరికీ కనబడలేదు. రిబ్బను కనబడలేదు. నల్లపిల్ల చేతిలో కత్తి ఉంటే ఆ ఊళ్ళో దానికి ఒకటే పేరు. నల్లపిల్లంటే అంట్లు తోమే పిల్ల, లేకపోతే దేవత. మధ్యలో ఆడపిల్లగా నిలబడ్డానికి జానెడు చోటు లేదు.

మొదటి బహుమతి మా కాళీకే అన్నాడు ఆశిష్ దా. స్టీలు క్యారేజీ. అప్పలసూరి ఉబ్బిపోయి జనంలోంచి అరిచాడు. “తీసుకోయే గుంటా! దండమెట్టి తీసుకో!”

దుర్గ చెయ్యి చాచలేదు. “ఆమి కాళీ నా,” అంది. నేను కాళిని కాదు. మైకులో ఆ మాట మైదానమంతా వినబడింది.

“మరెవరమ్మా?” అన్నాడతను నవ్వుతూ.

పిల్ల తల్లికేసి చూసింది. ఆ చూపు పున్నమ్మకి తెలుసు. ఫొటో ముందు నిలబడి అడిగిన రోజు చూపే. ఎవరు నువ్వు అన్న చూపు. అప్పుడు తను నవ్వి ఊరుకుంది. అందరూ నవ్వుతున్నారు గదా అని నవ్వింది. పున్నమ్మ జనాన్ని తోసుకుని వెళ్ళి, వచ్చీరాని బెంగాలీలో మైకులోనే చెప్పింది. “దాదా, మీరు తప్పు చెప్పారు. ఇది టీవీలో సముద్రం మీద ఎగిరే పిల్ల. అందరింట్లో చూస్తారు. మీ పిల్లల గౌన్ల మీద కూడా ఉంది. నేనే కుట్టాను.”

జనం నవ్వారు. “ఆ పిల్ల తెల్లగా ఉంటుంది కదా మాసీ!” అని ఎవడో కేకేశాడు.

“గుడ్డ తెల్లగా ఉంటది. పిల్ల ఇదే,” అంది.

క్యారేజీ ఒక తెల్లగడ్డానికి పోయింది. ఇంటి దారిలో దుర్గ అట్టకత్తి నేల మీద గీసుకుంటూ నడిచింది. కొళాయి దగ్గరికొచ్చాక, “అమ్మా, ఒస్తాగర్ వద్దన్న మొగం ఉందా?” అంది.

“ఉంది. మిషను సొరుగులో.”

“ఈ గౌనుకి కుట్టు.”

ఇంటికొచ్చాక అప్పలసూరి చెప్పులు విసిరేశాడు. నోటికాడ కూడు తన్నిందన్నాడు, పదిమందిలో పరువు తీసిందన్నాడు, మైకట్టుకునే మొగమేనా అదన్నాడు. పున్నమ్మ పొయ్యి మీద అన్నం పడేసి, స్టూలు ఎక్కి పెళ్ళి ఫొటో దింపింది. అద్దం కిందికి తిప్పి మిషను వెనక్కి తోసేసి, సొరుగు లాగి డికాషను రంగు మొగం తీసి సూదికి దారం ఎక్కించింది. అతను తిట్టి తిట్టి అలిసి బయటికి పోయాడు. అప్పటిగ్గాని అత్త గోడకేసి చూడలేదు.

“ఏటే పున్నీ, గోడ మీద ఫొటో ఏదే?”

పున్నమ్మ దారం పళ్ళతో కొరికింది.

“మీ కొడుకు మొదటి పెల్లం లేచిపోనాది అత్తా. ఇంక ఈ కొంపలో ఉన్నది నానే. అన్నం మాడతంది, నీ పక్కనే పొయ్యి, దింపుకో.”